రక్తచందనము: పేరు, చేవ, వినియోగము

ప్రాచీన కావ్యములను, వ్యాఖ్యానములను పఠించు విద్యార్థికి వృక్షనామము లెదురైనపుడు మన నిఘంటువులు చేయు సాయము మిక్కిలి స్వల్పము. పదమునకు అర్థము వెదకినచోట తఱచుగా ‘వృక్షవిశేషము’ అని మాత్రమే యుండును. ఆ చెట్టు ఎట్టిది, ఎచ్చట పెరుగును, దాని కఱ్ఱ యెందుల కుపయోగించును అను ప్రశ్నలకు సమాధానము దొరకదు. ఇందువలన కలుగు నష్టము వెంటనే కంటికి గానరాదు. కాని ఉపమానముగా వచ్చిన చెట్టు గుణము తెలియనిచో ఉపమ సగమే బోధపడును. వైద్యగ్రంథమున వచ్చిన చెట్టు తెలియనిచో ఒక మూలికకు మాఱుగా వేఱొకటి వాడబడును. పేరు నిలిచి వస్తువు మఱుగుపడిన నిఘంటువు కాలక్రమమున పేర్ల పట్టికగా మిగులును.

ఈ విషయమును విశదపఱచుటకై ఇందు రక్తచందనమును ఉదాహరణముగా గైకొనుచున్నాను. అందులకు మూడు కారణములు కలవు. మొదటిది, ఈ చెట్టు తెలుగుదేశపు దక్షిణపు కొండలకు సొంతమైనది. ఆ కొండలును, వాని నంటియున్న తమిళసీమ కొండలును తప్ప భూమండలమున మఱెచ్చటను ఇది సహజముగా మొలచి అడవిగా పెరుగలేదు. రెండవది, దీని పేరు విషయమున సంస్కృతమునను తెలుగునను గల చిక్కు పరిశోధకుల దృష్టికి రాదగినది. మూడవది, ఈ చెట్టు నేడు అపాయస్థితిలో నున్నది.

1. చేవ యనగా నేమి?

కఱ్ఱలను గూర్చి మాటలాడునపుడు వృక్షశాస్త్రజ్ఞుల విభాగమునకును, మన జనుల విభాగమునకును గల భేదమును ముందుగా గుర్తింపవలయును. ‘గట్టికఱ్ఱలు, మెత్తకఱ్ఱలు’ అని పాశ్చాత్య శాస్త్రము చేసిన విభాగము కఱ్ఱ కాఠిన్యమును బట్టి చేసినది కాదు. పూచి కాచెడి ద్విదళబీజ వృక్షముల కఱ్ఱలన్నియు ఆ శాస్త్రమున గట్టికఱ్ఱలే. దేవదారు, సరళము మొదలగు శంకుఫల వృక్షముల కఱ్ఱలు మెత్తకఱ్ఱలు. ఈ లెక్కను కొండపల్లి బొమ్మలకు వాడెడి పొణికి కఱ్ఱయు, ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడెడి అంకుడు కఱ్ఱయు గట్టికఱ్ఱలలోనే చేరును. అవి యెంత మెత్తనివో, ఎంత తేలికైనవో వానిని చెక్కు చేతులకు తెలియును.

తెలుగువారి విభాగము వేఱు. మన వడ్రంగి కఱ్ఱను చూడగానే అడుగు ప్రశ్న ‘దీనికి చేవ యున్నదా?’ అనునదే. చెట్టు మానును అడ్డముగా కోసి చూచినచో వెలుపల బెరడు, దాని లోపల తెల్లని లేక లేతవన్నె గల చెక్క, నడుమ ముదురువన్నె గల గట్టిభాగము కనబడును. ఈ నడిమిభాగమే చేవ. వెలుపలి తెల్లని చెక్క సజీవమైనది. వేళ్లు గ్రహించిన నీటిని ఆకులకు చేర్చుట దాని పని. చెట్టు ముదిరిన కొలది లోపలి పొరలు ఆ పనిని మానుకొనును. అందలి జీవకణములు చనిపోవునపుడు, వానిలో నిలువయున్న ఆహారము రంగుగలవియు, చేదైనవియు, పురుగులకు విషప్రాయమైనవియు నగు ద్రవ్యములుగా మాఱి ఆ కణముల గోడలలో నిండును. అందువలననే చేవకు రంగు, బరువు, మన్నిక కలుగుచున్నవి. తెల్లచెక్కను చెదలు తినివేసినను చేవ నిలుచుటకు హేతువిదియే.

తాడి, కొబ్బరి మొదలగు చెట్లలో ఈ యమరిక తలక్రిందుగా నుండును. గట్టిదనము వెలుపల, మెత్తదనము లోపల. కనుకనే తాటిమానును నిలువున చీల్చి, లోపలి మెత్తని భాగమును తొలగించి దూలములు చేయుదురు. అరటి మొదలగువాని నడుమ నుండునది దవ్వ. చేవ, దవ్వ అను నీ రెండు మాటలు ప్రక్కప్రక్కన నిలిపినచో తెలుగు జనుల పరిశీలన ఎంత సూక్ష్మమైనదో తెలియగలదు.

చేవ యను పదము కఱ్ఱను దాటి మనుష్యునకు సంక్రమించిన తీరు భాషావిద్యార్థులు గమనింపదగినది. ‘చేవగలవాడు’, ‘చేవచచ్చినవాడు’, ‘చేవలేని మాట’ అనునవి నిత్యవ్యవహారములోనివి. ఇచ్చట చేవ యనగా కేవలము బలము కాదు. కాలము గడచిన కొలది లోపల ఏర్పడిన గట్టిదనము. లేతచెట్టునకు ఎంత ఎత్తున్నను చేవ యుండదు. ఈ పదము మూలమును వడ్రంగి పనిలో చూచినవానికే దాని లక్ష్యార్థము సంపూర్ణముగా తెలియును.

2. చెట్టు, దాని నెలవు

రక్తచందనమునకు వృక్షశాస్త్రనామము ‘టెరోకార్పస్ శాంటలినస్’. ‘రెక్కలుగల కాయ కలిగినది, చందనమును పోలినది’ అని ఈ నామమున కర్థము. చిక్కుడు, కంది మొదలగువానితో పాటు ఇదియు కాయధాన్యముల కుటుంబమునకు చెందినది. మన అడవులలో ప్రసిద్ధమైన పెద్దేగి, అనగా వేగిస, దీనికి దగ్గఱి చుట్టము. శ్రీగంధపు చెట్టుతో దీనికి కుటుంబ సంబంధ మేమియు లేదు.

శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు దీని పుట్టిల్లు. 2022వ సంవత్సరపు జిల్లాల పునర్విభజనకు పూర్వపు ఎల్లలను బట్టి చెప్పినచో, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలలో విశేషముగాను, కర్నూలు, ప్రకాశము జిల్లాలలో కొంతవఱకును ఇది కలదు. వీని నంటియున్న తమిళసీమ కొండలలో స్వల్పముగా నుండును. నేల రాళ్లతోను, గులకతోను కూడినది; ఎండ తీవ్రము; వాన మితము. సారవంతమైన నేలలో నాటినచో చెట్టు బ్రతుకును, ఏపుగా కూడ పెరుగవచ్చును. కాని ఏపుగా ఎదుగుట వేఱు, చేవదేరుట వేఱు.

చెట్టు సామాన్యముగా పది మీటర్ల యెత్తు పెరుగును. బెరడు నల్లనై, లోతైన చీలికలచే చిన్న పలకలుగా విభక్తమై మొసలి చర్మమును తలపించును. ఆకు సాధారణముగా మూడు రెమ్మలు గలది. వేసవి తొలినాళ్లలో పసుపుపచ్చని పూలు పూయును. కాయ గుండ్రముగా, బల్లపరుపుగా నుండి చుట్టును పలుచని రెక్క కలిగియుండును. అందు సామాన్యముగా ఒకటే గింజ. రెక్కయున్నందున గాలికి ఎగిరి కొంతదూరము పోవునుగాని, గట్టి తొడుగులో నుండుటవలన మొలకెత్తుట కష్టము. నఱికిన మోటునుండి చిగురించు శక్తి మాత్రము ఈ చెట్టునకు బాగుగా కలదు. ఎదుగుదల మిక్కిలి మందము. వ్యాపారమునకు పనికివచ్చు చేవ యేర్పడుటకు దశాబ్దములు పట్టును.

3. కఱ్ఱ గుణములు

అప్పుడే కోసిన చేవ ముదురు ఎఱుపుగా నుండి, గాలి తగిలిన కొలది ఊదాచాయ కలిసిన నలుపునకు తిరుగును. ఆరిన చేవ బరువు ఘనమీటరునకు సుమారు 1100 కిలోగ్రాములు. నీటి బరువు 1000 కిలోగ్రాములే కనుక ఈ కఱ్ఱ నీట మునుగును. తేలెడు కఱ్ఱల నడుమ ఈ యొక్క గుణమే దీనిని వేఱుచేసి చూపును. చేవ చెదలను, బూజును లెక్కచేయదు. ఆరిన పిదప ముడుచుకొనుట, వంగుట స్వల్పము. ఉలికి, బాడిసెకు లొంగుట కష్టమే గాని, చెక్కిన తర్వాత అద్దమువలె నునుపు దేరును. కొన్ని చెట్ల చేవలో గీతలు నిలువుగా పోక అలలవలె వంకరలు తిరిగియుండును. అట్టిది అరుదైనది, విలువైనది.

దీని రంగును గూర్చి కొంత వివరింపవలసియున్నది. చేవలోని ప్రధాన వర్ణద్రవ్యమునకు శాంటలిన్ అని పేరు. అది నీటిలో కరగదు. సారాయములోను, క్షారజలములోను కరగును. రక్తచందనపు పొడిని నీళ్లలో వేసినచో నీరు ఎఱ్ఱగా మాఱదు. సారాయములో వేసినచో వెంటనే నెత్తురువన్నె దేలును. ఈ రసాయన ధర్మమే మన గృహములలోని ఆచారమునకు కారణమైనది. నీట కరగని దానిని నీటితో వాడుకొనవలయునన్న దానిని మిక్కిలి మెత్తగా అరగదీయుట యొక్కటే మార్గము. సానరాతిపై నీటి చుక్కలు వేసి కఱ్ఱను అరగదీసినపుడు వచ్చు ఎఱ్ఱని ముద్ద కరగిన రంగు కాదు. నీటిలో తేలుచున్న సన్నని చేవపొడి. సాన, నీరు, చేయి అను మూడింటితో మన పెద్దలు సాధించిన పనిని ఐరోపాలో సారాయముతో సాధించిరి.

వాసన విషయము మఱవరాదు. శ్రీగంధపు చేవలో సుగంధతైలము కలదు. రక్తచందనమున అట్టి తైలము లేదు. దీనికి చెప్పుకొనదగిన పరిమళ మేమియు లేదు. వాసన లేనిదానికి చందనమను పేరేల వచ్చినదను ప్రశ్న ఇచ్చట పుట్టుచున్నది.

4. పేరులోని చిక్కు

చందన శబ్దమునకు మూలము ద్రావిడమని ఆంగ్లభాషాశాస్త్రజ్ఞుడగు టి. బరో సూచించెను. తమిళమున ‘చాందు’ అనగా పూతకు వాడెడి ముద్ద, గంధపు ముద్ద. తెలుగున బొట్టునకు పెట్టుకొను ‘చాదు’ దీనికి చుట్టమే. ఈ వ్యుత్పత్తిని అంగీకరించినచో చందనమనగా మొదట వాసనగల కఱ్ఱ యని కాక, అరగదీసి ఒడలికి పూయదగినది యని యర్థమగును. పేరు వాసననుబట్టి కాక వాడుకనుబట్టి వచ్చినదని భావింపవచ్చును. అట్లయినచో వాసనలేని ఎఱ్ఱని కఱ్ఱయు చందనమే యగుటలో ఆశ్చర్యము లేదు. రెండును సానపై అరగినవే.

ఈ యూహకు బలమిచ్చు సాక్ష్యము కౌటిల్యుని అర్థశాస్త్రమున కలదు. కోశమున చేర్పదగిన వస్తువుల పరీక్షను చెప్పు ప్రకరణమున చందనమను శీర్షిక క్రింద ఎఱుపు, నలుపు, చిలుకపచ్చ మొదలగు పలు వన్నెల దారువులు పేర్కొనబడినవి. వాని వాసనలును వేర్వేరు: ఒకటి మట్టివాసన, ఒకటి చేపవాసన, ఒకటి మామిడివాసన గలది. ఇన్ని విధములైన దారువులు ఒకే చెట్టునుండి వచ్చినవి కాజాలవు. అప్పటికే చందనము ఒక చెట్టు పేరుగా గాక ఒక తరగతి పేరుగా నుండెనని స్పష్టము.

తరగతి పేరు చెట్టు పేరుగా నిలిచినపుడు చిక్కు మొదలగును. అమరకోశమున రక్తచందనమునకు తిలపర్ణి, పత్రాంగము, రంజనము, కుచందనము అను పర్యాయపదములు కలవు. వీనిలో ‘రంజనము’ రంగునిచ్చునది యను నర్థమున సరిపోవును. ‘పత్రాంగము’ అను పేరు వస్త్రములకు ఎఱుపురంగు నొసగు మఱియొక చెట్టునకును వాడుకలో కలదు. ‘తిలపర్ణి’ యనగా నువ్వాకు వంటి ఆకు గలది. మూడు గుండ్రని రెమ్మలు గల మన చెట్టునకు ఈ పేరు పొసగదు.

భావప్రకాశ నిఘంటువు చెప్పిన పేర్లు ఇంకను విచిత్రమైనవి. అందు ‘రక్తసారము’, ‘ప్రవాళఫలము’ అను రెండు పేర్లు ప్రక్కప్రక్కన కలవు. రక్తసారమనగా ఎఱ్ఱని చేవ గలది. సంస్కృతపు సార శబ్దమునకు తెలుగున సరియైన మాట చేవయే. ఈ పేరు మన చెట్టునకు చక్కగా సరిపోవును. కాని ‘ప్రవాళఫలము’ అనగా పగడము వంటి ఫలము గలది. రక్తచందనపు కాయ గోధుమవన్నె గల రెక్కకాయ; దానికిని పగడమునకును ఏ పోలికయు లేదు. పగడములవలె ఎఱ్ఱగా మెఱయు గింజలు గలది వేఱొక చెట్టు కలదు. అదియే బండిగురివింద. దాని చేవయు ఎఱ్ఱనిదే. పలు ప్రాంతముల దానిని రక్తచందనమను పేరుతోనే వ్యవహరింతురు. కనుక రెండు చెట్ల లక్షణములు ఒకే పేరు క్రింద చేరినవని చెప్పుట తప్పు గాదు. కొండల చెట్టును చూడని దూరదేశపు వైద్యులు తమ తోటలోని ఎఱ్ఱచేవ చెట్టును ఆ పేరుతో పిలిచియుందురు. రక్తసార శబ్దము చేవను చూచినవాడు పెట్టినది. ప్రవాళఫల శబ్దము వేఱొక కొమ్మను చూచినవాడు పెట్టినది.

దీని ఫలితము నిఘంటువులతో ఆగదు. ఈనాటికిని మూలికల అంగళ్లలో ఒకదానికి మాఱుగా మఱియొకటి అమ్ముడగుచునే యున్నది. పేరును నమ్మినవాడు వస్తువును పరీక్షింపడు.

సాహిత్యపఠనమునందును ఈ భేదము ముఖ్యమైనదని ఒక దృష్టాంతము వలన తెలియును. శూద్రకుని మృచ్ఛకటికమున పదవ అంకమున చారుదత్తుని వధ్యస్థానమునకు కొనిపోవుచున్నపుడు అతని అవయవములన్నింటిపై రక్తచందనపు చేతిముద్రలు వేయబడియుండును. చందనమనగానే పరిమళము, చల్లదనము, సత్కారము స్ఫురించుటకు అలవాటుపడిన విద్యార్థి ఇచ్చట తికమకపడును. వాసనలేని, నెత్తురువన్నె గల ముద్ద యని తెలిసినవానికి ఆ ముద్రల భయంకరత్వము వెంటనే తోచును. బలికి సిద్ధపఱచిన పశువువలె తాను అలంకరింపబడితినని చారుదత్తుడు వాపోవుటలోని ఔచిత్యమును అప్పుడే తెలియనగును. వసంతసేన యింటి వైభవమున పరిమళించు చందనమునకును, ఈ చందనమునకును పేరొకటే, వస్తువు వేఱు. ఈ వైపరీత్యము నాటకమునకు ప్రాణము. నిఘంటువున ‘వృక్షవిశేషము’ అని వ్రాసినచో అది పోవును.

5. స్వదేశమున వినియోగము

కొండల క్రింది పల్లెలలో పూర్వము రక్తచందనము విలాసవస్తువు కాదు. ఇంటి నిట్రాళ్లకు, గుంజలకు, బండిసామగ్రికి, వ్యవసాయపు పనిముట్లకు దానిని వాడిరి. చెదలు పట్టని కఱ్ఱ చేరువలో నున్నపుడు గృహస్థుడు మఱొకదానిని వెదకడు.

పూజలో దీనికి ప్రత్యేక స్థానము కలదు. సూర్యారాధనమున అర్ఘ్యజలమున రక్తచందనమును, ఎఱ్ఱని పూలను కలుపుట ఆచారము. జపమాలలును దీనితో చేయుదురు. ఇందు వన్నెయే ప్రధానము. అరుణవర్ణుడగు దేవతకు అరుణవర్ణమగు ద్రవ్యము.

ఆయుర్వేదము దీనిని శీతలద్రవ్యముగా పరిగణించినది. వాపులపై, తలనొప్పికి నొసటిపై, చర్మరోగములకు దీని గంధమును పూయుట సంప్రదాయము. చేవలో శాంటలిన్‌తో పాటు టెరోస్టిల్బీన్ అను ద్రవ్యమును రసాయనశాస్త్రజ్ఞులు గుర్తించిరి. చేవను పురుగులనుండి కాపాడు ద్రవ్యముల వర్గమునకు అది చెందినది. చెట్టు తన రక్షణకై కూర్చుకొన్నదానిని మనుష్యుడు తన రక్షణకై వాడుకొనుచున్నాడు.

దీనితో చేయు బొమ్మలను ప్రత్యేకముగా పేర్కొనవలయును. మరపాచి బొమ్మలని పేరొందిన స్త్రీపురుషుల జంట బొమ్మలు తిరుపతియాత్రకు పోయినవారు కొనితెచ్చెడి వస్తువులలో చిరకాలమునుండి ముఖ్యమైనవి. తమిళనాట నవరాత్రి కొలువులో ఈ జంటకు మొదటి స్థానము. పెండ్లిలో ఆడపడుచునకు దీని నొసగుట కొన్ని కుటుంబముల ఆచారము. బొమ్మ నిటారుగా, అవయవములు దేహమునకు అంటియుండునట్లు చెక్కబడియుండును. ఇది శిల్పి యొక్క అశక్తత కాదు. ఇంత గట్టికఱ్ఱలో చేతులను విడదీసి చెక్కుట కష్టమును, వ్యర్థమును. పొణికితో కొండపల్లివారు చేతులను వేఱుగా చెక్కి అతికింతురు, రంగులు పూయుదురు. రక్తచందనపు బొమ్మకు అతుకు లేదు, పూత లేదు. చేవయే దాని రంగు. రెండు బొమ్మల శైలీభేదమునకు రెండు కఱ్ఱల స్వభావభేదమే మూలము. మఱియు పసివారికి ఈ బొమ్మ ఆటవస్తువు మాత్రమే కాదు. అవసరమైనపుడు దానినే సానపై అరగదీసి గంధము తీయుదురు. ఒకే వస్తువు ఆటబొమ్మయు, ఔషధమును అగుట మన గృహజీవనము నందలి పొదుపునకు మంచి నిదర్శనము.

శ్రీకాళహస్తికి చేరువనున్న మాధవమాల గ్రామము దారుశిల్పమునకు ప్రసిద్ధము. అచ్చటి శిల్పులు దేవతావిగ్రహములను పలు కఱ్ఱలతో చెక్కుచున్నారు. రక్తచందనము వానిలో నొకటి.

6. విదేశములలో

ఈ కఱ్ఱకు స్వదేశమునకంటె విదేశములయందు విలువ యెక్కువ. ఐరోపాలో మధ్యయుగమున వంటకములకు ఎఱుపురంగు కలుగుటకై రక్తచందనపు పొడిని వాడిరి. తర్వాతి కాలమున కోరమండల తీరమునుండి ఓడలలో ఎగుమతియై ఉన్నిబట్టల అద్దకమునకు ఉపయోగపడెను. బ్రిటిషు ఔషధసంహితలో లావెండరు ద్రావణమునకు ఎఱుపు కలిగించిన ద్రవ్యమిదియే. ఆంగ్లమున దీనికి గల ‘శాండర్స్’ అను పేరు కూడ చందన శబ్దమునకు వికృతియే. మన చాందు, చాదు అను మాటల బంధువు పారసీక, అరబ్బీ దేశముల మీదుగా పోయి ఐరోపా వంటయింట ప్రవేశించినదని చెప్పవచ్చును. కృత్రిమ వర్ణములు వచ్చిన పిదప ఈ వ్యాపారము క్షీణించెను.

చీనాదేశమున ‘జితాన్’ అను దారువు మింగు, చింగు వంశముల కాలమున రాజభవనముల ఆసనములకు, పెట్టెలకు వాడబడెను. దానిని సామాన్యముగా మన రక్తచందనముగానే గుర్తించుచున్నారు. బీజింగు నగరమున ఈ దారుశిల్పమునకే ప్రత్యేకముగా ఒక వస్తుప్రదర్శనశాల 1999లో నెలకొన్నది.

జపానులో దీని వినియోగము సంగీతమునకు సంబంధించినది. ‘షామిసెన్’ అను మూడు తంత్రుల వాద్యమునకు ఉత్తమమైన దండమును ‘కోకి’ యను కఱ్ఱతో చేయుదురు. అది భారతదేశపు రక్తచందనమే. తంత్రిని దండముపై మాటిమాటికి వ్రేళ్లతో అదుముటవలన మెత్తని కఱ్ఱపై గాడి పడును. గాడి పడినచోట స్వరము చెడును. రక్తచందనపు చేవ ఆ రాపిడిని చిరకాలము ఓర్చును. ఋతువులు మాఱినను వంగదు కనుక శ్రుతి నిలుచును. అలలవంటి గీతలు గల చేవను ఇందులకు మిక్కిలి కోరుదురు. శేషాచలపు రాళ్ల నడుమ దశాబ్దములు ఎండకు నిలిచి చెట్టు కూర్చుకొన్న గట్టిదనము దూరదేశపు గాయకుని స్వరమును కాపాడుచున్నది.

7. నేటి స్థితి

విలువ పెరిగిన కొలది చెట్టునకు కీడు మూడినది. మోటునుండి చిగురించు శక్తి యున్నను, చేవదేరుటకు పట్టు దశాబ్దములను ఏ శాసనమును తగ్గింపజాలదు. నఱకుట ఒక రాత్రి పని. అంతర్జాతీయ వాణిజ్యమును నియంత్రించు ఒడంబడికలో రక్తచందనము 1995లో రెండవ అనుబంధమున చేర్చబడెను. శేషాచలపు కొండలు 2010లో జీవావరణ పరిరక్షణ ప్రదేశముగా ప్రకటింపబడినవి. ప్రకృతి పరిరక్షణకై యేర్పడిన అంతర్జాతీయ సంఘము 2021లో దీనిని అపాయస్థితి గల జాతిగా తిరిగి నిర్ణయించినది. ఇన్ని కట్టుబాట్లున్నను దొంగతనముగా నఱకుట ఆగలేదు. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలపు అడవిలో రక్షకభటుల కాల్పులలో ఇరువదిమంది మరణించిరి. వారు తమిళనాటి జిల్లాలనుండి కట్టెకొట్టుటకు వచ్చిన బీదవారు. కఱ్ఱ మూలమున వచ్చు లాభము వారిది కాదు. గొడ్డలి మాత్రమే వారిది. ఒక దారువు చరిత్ర వ్రాయువారు దాని బొమ్మలను, వాద్యములను వర్ణించి ఈ విషయమును విడిచినచో ఆ చరిత్ర అసమగ్రము.

రైతులు తమ పొలములలో రక్తచందనమును పెంచుట ఇప్పుడు వ్యాప్తిలోనికి వచ్చుచున్నది. పెంచిన చెట్టునకు చేవ యెంతకాలమునకు, ఎంతమాత్రము ఏర్పడునో నేలను బట్టియు, ఎండను బట్టియు మాఱును. తోటలలోని చెట్టు అడవిచెట్టుపై ఒత్తిడిని కొంత తగ్గింపవచ్చును గాని, దాని స్థానమును పూరింపజాలదు. అడవిలోని చెట్టు తనతో కూడిన పక్షులను, గడ్డిని, తోడి వృక్షములను నిలుపుచున్నది.

8. మనము చేయదగిన పని

తెలుగు శాఖలయందు పనిచేయువారికి అడవిని కాపాడు అధికారము లేదు. కాని పేరును వస్తువుతో చేర్చి నిలుపు బాధ్యత వారిదే. ఇందులకు మూడు మార్గములు తోచుచున్నవి.

మొదటిది, కావ్యములను వ్యాఖ్యానముతో ప్రకటించునపుడు వృక్షనామము వచ్చిన ప్రతిచోట అది యే చెట్టో నిర్ణయించి, నిర్ణయింప వీలులేనిచో సందేహమునైన సూచింపవలయును. చందనమని యున్నచోట తెల్లనిదా, ఎఱ్ఱనిదా, సందర్భమేమి యని విచారింపక ముందునకు పోరాదు.

రెండవది, వృత్తిపదముల సేకరణము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో ప్రకటించిన వ్యవసాయ పదకోశము మాండలిక వృత్తిపదములను ఏ రీతిని సేకరింపవలయునో చూపిన మేలుబంతి. కఱ్ఱల పేర్లు, చేవ తరగతులు, గీతల రకములు, చెక్కు పనిముట్లు, ఆరబెట్టు పద్ధతులు, కఱ్ఱలోని దోషముల పేర్లు అను వానిని వడ్రంగుల నోట, బొమ్మలు చెక్కువారి నోట, అడవిలో తిరుగు యానాదుల నోట విని వ్రాసికొనవలసి యున్నది. ఇందు ప్రతి పేరునకును ఎదుట చెట్టు శాస్త్రనామమును చేర్చుట ముఖ్యము. అది లేనిచో మఱియొక ప్రవాళఫలము తయారగును.

మూడవది బోధనకు సంబంధించినది. అనుమతి గల విక్రయశాలనుండి తెచ్చిన చిన్న రక్తచందనపు బొమ్మను, ఒక శ్రీగంధపు ముక్కను, ఒక పొణికి ముక్కను, ఒక సానను, ఒక గిన్నె నీటిని తరగతి గదిలో నుంచినచో చాలును. మొదటిది మునుగును, వాసన యుండదు, సానపై ఎఱ్ఱని ముద్ద నిచ్చును. రెండవది పరిమళించును. మూడవది నీటిపై తేలును. చేవ యనగా నేమో, రెండు చందనములకు భేదమేమో, చారుదత్తుని దేహముపై ఏమి పూసిరో విద్యార్థులు అరగంటలో గ్రహింతురు. అంత స్పష్టమైన బోధ ఎన్ని పుటల వివరణము వలనను కలుగదు.

చెట్టు అడవిలో నిలిచి, దాని పేరు గ్రంథములో సరియైన యర్థముతో నిలిచినపుడే ఆ పేరునకు చేవ కలదందుము. మొదటిది తప్పినచో రెండవదానికి ఆధారము పోవును. రెండవది తప్పినచో మొదటిదానిని ఏల కాపాడవలయునో ముందుతరమువారికి చెప్పు మాటయే మనకు మిగులదు.